ఇంజిన్ వెనక పెట్టెలు

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో నేను రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరుని. నాలుగేళ్ల మా అమ్మాయికి నడక రాలేదు. కాళ్లు ముందుకు చాపి, రెండు చేతులూ నేలకు ఆనించి, కూర్చునే దేకుతుంది. ఊరందరికీ రోడ్లు వేసేవాడి కూతురికి రోడ్డుతో పని లేకపోయిందని నేనే జోకులు వేసేవాణ్ణి. వేరేవాళ్లు వేసేలోపు మనమే వేసుకుంటే కాస్త తక్కువ గుచ్చుకుంటుంది.

పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమైంది. నడిస్తే నడవచ్చు, లేకపోతే లేదు అన్నారు డాక్టర్లు. నడక సంగతి ఎలా ఉన్నా పిల్ల నడత బంగారం. స్కూళ్లవాళ్లు ఆ నడత చూసి బుగ్గ గిల్లి, ఈ నడక చూసి సీట్లు లేవనేవారు.

మా ఫ్లాటు కిటికీ అద్దాలకు కాగితం అంటించి ఉంటుంది, ఇంట్లో ఆడవాళ్లు బయటికి కనిపించకుండా. దానివల్ల బయట కూడా ఇంట్లోవాళ్లకు కనిపించదు. ఇల్లు ఇరుకు. ఇరుకుంది గానీ ఇరుగూ లేదు, పొరుగూ లేదు. నేను పొద్దున్నే సైటుకి పోయి చీకటిపడ్డాక వచ్చేదాకా తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిందే. పిల్ల కాళ్లకు వ్యాయామం చేయించడం, పిల్ల ఏడవడం, ఆ తర్వాత ఈమె ఏడవడం. రానురాను మా ఆవిడకు మాటలు తగ్గిపోయాయి. ఏం వండావని అడిగితే గిన్నె మీద మూత తీసి చూపించేది.

"మీరిద్దరూ ఊరెళ్లిపోతే నయమేమో," అనేవాణ్ణి. ఫ్యామిలీని పంపించెయ్యడం ఇక్కడ మగవాళ్లందరం అన్ని రోగాలకూ వాడే ఒకే మాత్ర. ఆమె ఔననేది కాదు, కాదనేది కాదు.

ఒకసారి వీధి చివర బకాలాలో, అంటే మన కిరాణా కొట్లాంటిదే, ఒకావిడ మా అమ్మాయిని కూర్చోబెట్టి తోసే బండి ముందు వంగింది. ఒంటి నిండా నల్లటి అబాయా, నోటి నిండా కర్నూలు తెలుగు. భర్త ఇక్కడ స్కూలు బస్సు నడుపుతాడట.

"ఏం పాపా, కిందికి దిగవా?"

"నడవదండీ," అంది మా ఆవిడ, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే.

"నడవకుంటే ఏమాయ? ఆడుతుంది గదా! బేస్తవారం మా ఇంటికి తీస్కరా చెల్లీ. పిల్లోల్లంతా వస్తారు, వాళ్లమ్మలూ వస్తారు. ఊరికే కూచుందాం."

ఊరికే కూర్చోవడమే అక్కడ పని. టీచరు లేదు, పాఠం లేదు. హాల్లో సోఫాలు తీసేసి తివాచీ పరిచేవారు. సూడాన్, పాకిస్తాన్, మన తెలుగువాళ్లు, ఎవరి పిల్లలతో వాళ్లు వచ్చి కూర్చునేవారు. ఆడవాళ్లు ముసుగులు తీసి ఉంటారు కాబట్టి మగవాళ్లం లోపలికి పోకూడదు, వీధిలో కార్లలోనే మా సభ. ఆ హాలు నేను ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ జరిగిందంతా మా ఆవిడ చెప్పగా విన్నదే.

చెప్పింది. అదే విశేషం. మొదటి గురువారం కారెక్కి తలుపు వేసుకోకముందే మొదలుపెట్టింది.

"ఏవండీ, వేడి టీ తాగాను. పిల్లని ఆ సూడాన్ ఆవిడ ఎత్తుకుంది. కప్పు ఖాళీ అయ్యేదాకా ఎత్తుకునే ఉంది."

ఆ రోజు గిన్నెల మీద మూతలు తీసి చూపించే పని పడలేదు. వండింది, వండబోయేది, అందులో కర్నూలావిడ చెప్పిన మార్పూ, అన్నీ చెవులారా తిన్నాను.

కొన్ని వారాలకు రైలాట మొదలైంది. నడిచే పిల్లలు మా అమ్మాయితో ఆడాలంటే దానికి అందేంత కిందికి రావాలి. ఎవరూ చెప్పకుండానే వచ్చారట. అందరూ చతికిలబడి, ముందున్నవాళ్ల చొక్కా పట్టుకుని దేకడమే. ఇంజిన్ మాత్రం మా అమ్మాయే. ఆ శాఖలో దానికున్నంత సర్వీసు ఇంకెవరికీ లేదు. కూ అని కూత పెట్టి హాలంతా తిప్పేదట. ఇంటికొచ్చాక కూడా వెనక్కి తిరిగి చూసి, పెట్టెలు ఏవని అడిగేది.

ఆ పెట్టెల్లో ఒకడు మా ఆఫీసులో నా పక్క సీటతని కొడుకు. కరీంనగర్ వాళ్లు. ఒక రోజు లంచ్ దగ్గర అతను బాక్సు మూత కూడా తియ్యకుండా, "అన్నా, ఏమనుకోకు," అన్నాడు. ఎవరైనా అలా మొదలుపెట్టారంటే మనం అనుకోవలసింది చాలానే ఉంటుంది.

"మా పోరడు నడుసుడు బంద్ వెట్టిండు. ఇంట్ల పొద్దుమాపు దేకుడే."

"ఆటలేవోయ్. రైలు."

"ఆటనే అన్నా. గని గదే అలవాటైతే? మా అమ్మ వీడియో కాల్‌ల జూసి, పోరనికి ఏం రోగమొచ్చెరా అని ఒక్కటే ఏడ్సుడు. మీ పాపకు ఇంకో రోజు వెడితే మంచిగుంటదని మావోళ్లు అంటున్నరు. నువ్వేమంటవ్?"

"ఆ ఇంటావిడని అడగండి," అన్నాను. మర్యాదస్తుణ్ణి కదా. మన పిల్లని పక్కకి జరపమంటే కుర్చీ మనమే జరిపి దారిచ్చే మర్యాద అది.

అడిగారు. కర్నూలావిడ ఒప్పుకోలేదు. "ఇంకో దినమేంది? బేస్తవారం అందరిదీ. వచ్చేటోల్లు వస్తారు, రానోల్లు రారు," అందట. ఆ వచ్చే గురువారం మిగతా తెలుగువాళ్లెవరూ రాలేదు. మా అమ్మాయి కాక మిగిలింది ముగ్గురు: కర్నూలావిడ కొడుకు, ఒక పాకిస్తానీ బాబు, సూడాన్ పాప.

చలికాలంలో తెలుగువాళ్లం కొందరం కలిసి భోజనాలకని ఊరి బయట ఇస్తిరాహా అద్దెకు తీసుకున్నాం. గోడ కట్టిన ఆవరణ, లోపల పచ్చ తివాచీలాంటి గడ్డి. ఆడవాళ్లు గదిలో, మేం బయట, పిల్లలు అంతటా. మా అమ్మాయి గడ్డి మీద ఒక్కతే ఉంది. కరీంనగర్ వాడి కొడుకు దూరం నుంచి దాన్ని చూశాడు. పరుగున వచ్చి, ధబ్బున కూలబడి, దాని గౌను కొస పట్టుకున్నాడు. అది వెనక్కి చూడనైనా చూడలేదు. కూ అంది. రైలు కదిలింది.

నాలుగు బారలు పోయిందో లేదో, వాళ్ల నాన్న వచ్చి పిల్లాణ్ణి రెక్క పట్టుకుని లేపాడు. గట్టిగా కాదు, కోపంగానూ కాదు. నావైపు చూడలేక నేల చూస్తూ, "లే బిడ్డా, బట్టలు కరాబైతయ్," అన్నాడు. వాడు కాళ్లు ముడుచుకుని నిలబడనని వేలాడాడు. అతను చంకనేసుకుని గదివైపు పోయాడు.

మా అమ్మాయికి తెలియదు. వెనక పెట్టె ఉందనుకుని కూత పెట్టుకుంటూ గడ్డి దాటింది, సిమెంటు దాటింది, గోడ దాకా పోయింది. అక్కడ మలుపు తిరగాలి కాబట్టి తిరిగింది. ఎవరూ లేరు. కాసేపు అలాగే చూసింది. ఆ గడ్డి దాటి దాని దగ్గరికి పోవడానికి నాకు పట్టినంత సేపు ఈ దేశంలో నేను వేసిన ఏ రోడ్డుకీ పట్టలేదు.

కార్లో పిల్ల నిద్రపోయింది. గదిలోంచి కిటికీ గుండా మా ఆవిడ అంతా చూసిందట. నా దగ్గర ఉన్నది ఒకటే మాత్ర.

"ఊరికి టికెట్లు చూడమంటావా?"

ఈసారి జవాబు చెప్పింది.

"అక్కడ ఎవరున్నారండీ దీనికి? ఇక్కడ ముగ్గురున్నారు."

కిందటి గురువారం సూడాన్ పాప తండ్రి నా కారు పక్కన నిలబడి ఒక మాట చెప్పాడు. ఉద్యోగం అయిపోయి ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఈ నెలాఖరుకి దేశం వదిలి వెళ్లిపోతున్నారు. వాళ్లావిడ ఆ సంగతి మా ఆవిడతో ఇంకా అనలేదని ఇప్పుడర్థమైంది.

"ఉన్నారు కదా?" అంది మా ఆవిడ.

"ఉన్నారు," అన్నాను.