భాగ్యమ్మ ఆర్కిడ్లకు నేనిచ్చిన రెండు మందులు

2022 వానాకాలం. చాంద్రాయణగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల నేను విత్తనాలు, పురుగుమందుల దుకాణం పెట్టి అప్పటికి పందొమ్మిదేళ్లు. కోస్తా నుంచి వ్యవసాయ డిగ్రీ పట్టుకుని వచ్చినవాణ్ణి కాబట్టి చుట్టుపక్కల నన్ను మందుల సారు అంటారు. పొద్దున్నుంచి ఒకరి వెనక ఒకరు వచ్చి, ఫోను నా మొహం ముందు పెట్టి, "ఇదేం రోగం సార్?" అంటారు. ఫొటో చూసి ప్యాకెట్ తీసివ్వాలి. ఆలస్యమైతే వెనకాయన విసుక్కుంటాడు. ఆకు ముట్టుకోకుండా వైద్యం చేయడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే గుర్తులేదు. విసుగు పుట్టి చాలా ఏళ్లయింది, మానెయ్యడానికి మాత్రం ఓపిక లేదు.

భాగ్యమ్మ కూడా అలా ఫోనుతోనే వచ్చింది. ఫలక్‌నుమా దగ్గర వాళ్లది పాతకాలం నుంచి పాడి చేసే కుటుంబం. భర్త పోయాక మరిది నర్సింగ్‌తో కలిసి బర్రెల పని చూసుకునేది. చుట్టూ ఇళ్లు లేచాక పేడ గురించి, దోమల గురించి రోజూ గొడవలై సగం బర్రెల్ని అమ్మేశారు. ఖాళీ అయిన సగం కొట్టానికి ఎండ తగ్గించే షేడ్‌నెట్ కట్టి ఆమె ఆర్కిడ్లు పెట్టింది. అఫ్జల్‌గంజ్‌లో బయటూళ్ల నుంచి పార్శిల్లో దిగే చిన్న మొక్కలు తెచ్చి, బొగ్గు ముక్కల్లో, కొబ్బరి పీచులో పెంచుతోంది. అన్నీ ఫాలెనాప్సిస్ రకం, వెడల్పాటి ఆకులవి. పూత వచ్చాక పెళ్లి మండపాలు అలంకరించేవాళ్లకు ఇవ్వాలని ఆమె ఆలోచన. మొత్తం నలభై కుండీలు.

"దసరా దాంక మొక్కలు మంచిగుంటే చలికాలం పూత దాంక ఆగి చూస్తా అన్నడు మా మరిది. లేకుంటే కొట్టం పడగొట్టి కిరాయికి రూములు కట్టిస్తడంట," అంది. "నాకు ఇంకో పని రాదు సారు. జర మంచి మందియ్యుండ్రి."

ఫొటోలో ఆకు మీద గోధుమరంగు మచ్చ, చుట్టూ పసుపు అంచు. వానాకాలంలో మచ్చ అంటే ఎక్కువగా ఫంగస్, అంటే బూజు తెగులే. ఫంగిసైడ్ ప్యాకెట్ ఇచ్చి పంపించాను. నిమిషం కూడా పట్టలేదు.

పది రోజులకు మళ్లీ వచ్చింది. మూడు కుండీల రోగం పదకొండు కుండీలకు పాకింది. ఇంకాస్త ఘాటైన మందు ఇచ్చి, ఈసారన్నా మోతాదు సరిగ్గా కలపమని నేనే ఆమెను గదమాయించాను.

"తప్పలే సారు, చెంచాతోనే కొలిచిన," అంది. నేను వినిపించుకోలేదు. పక్కనే వంగ నారుకు పురుగు పట్టిందని ఇంకొకాయన తొందరపెడుతున్నాడు.

మూడోసారి ఆమె ఫోను బయటికి తీయలేదు. "బర్రెకు బాగలేకుంటే డాక్టరు కొట్టంలకొచ్చి చూస్తడు గద సారు. మీరు ఒక్కపాలి రారాదా?" అంది. శుక్రవారం మధ్యాహ్నం బజారు పలచబడుతుంది కాబట్టి ఆ పూట దుకాణం మూసి వెళ్లాను.

షేడ్‌నెట్ కిందకి అడుగు పెట్టగానే వాసన తగిలింది. పేడ వాసన కాదది, కుళ్లిన చేప లాంటి వాసన. మచ్చ మీద బొటనవేలు పెట్టి నొక్కితే ఆకు తొక్క జారిపోయి నీళ్లు కారాయి. బూజు మచ్చ సాధారణంగా పొడిగా, కాగితంలా ఉంటుంది. ఇది బ్యాక్టీరియల్ సాఫ్ట్ రాట్, అంటే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే మెత్తకుళ్లు. నేనిచ్చిన రెండు మందులూ దీన్ని ఏమీ చేయలేవు. పైగా వాటిని నీళ్లలో కలిపి కొట్టినకొద్దీ ఆకులు తడిసి రోగం ఇంకా పాకుతుంది. అప్పటికే ఇరవై కుండీలు దాటింది.

అయినా ఈ మూల నుంచి ఆ మూలకు ఇంత త్వరగా ఎలా వెళ్లిందో అర్థం కాలేదు. "రోజూ ఏం చేస్తారో అది నా ముందు చేసి చూపించండమ్మా," అన్నాను.

బకెట్‌లో పలచటి మజ్జిగ, ఒక మెత్తటి నూలు గుడ్డ తెచ్చింది. గుడ్డ ముంచి, పిండి, ఒక్కో ఆకునూ మొదలు నుంచి చివరిదాకా తుడిచింది. మళ్లీ అదే బకెట్, అదే గుడ్డ, పక్క కుండీ. "పాలు పిండే ముంగట పొదుగు తుడుస్తం గద, గట్లనే. దుమ్ము పోతది, ఆకు మెరుస్తది," అంది.

"పొదుగువాపు వచ్చిన బర్రెను తుడిచిన గుడ్డతో ఇంకో బర్రెను తుడుస్తారా?"

"అయ్యో, గట్లెట్ల తుడుస్తం? దాన్ని ఆఖరుకు పిండుతం. గుడ్డ కాలవెడ్తం." అంటూనే ఆమె చేయి ఆగిపోయింది. చేతిలోని గుడ్డ వైపు చూసి, దాణా బస్తా మీద కూలబడింది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం పని చేశాం. మచ్చకు వేలెడు అవతల పచ్చటి భాగంలో కోయడం, కోసిన ప్రతిసారీ బ్లేడును మంటలో కాల్చడం, గాటు ఆరడానికి దాల్చినచెక్క పొడి అద్దడం. మొవ్వు కుళ్లినవాటిని సంచుల్లో మూటకట్టి పారేశాం. గుడ్డ పొయ్యిలోకి పోయింది. నీళ్లు పొద్దున మాత్రమే, అదీ వేళ్లకే, రోజంతా ఫ్యాను. చివరికి పద్నాలుగు మిగిలాయి. ఆ పద్నాలుగింటికీ తర్వాత ఒక్క కొత్త మచ్చ రాలేదు.

దసరా ముందు చూడ్డానికి వెళ్లినప్పుడు నర్సింగ్ కూడా అక్కడే ఉన్నాడు. చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసి, టీ ఇప్పించి, మర్యాదగానే అడిగాడు. "రెండుసార్లు మీ దగ్గరనే మందు తెచ్చింది సారు. మరి ఎందుకు సచ్చినయి?"

సమాధానం ఒక్క వాక్యం. నేను ఫొటో చూసి తప్పు మందిచ్చాను, మొదటిరోజే నేనిక్కడికి వచ్చి చూసి ఉంటే మూడు పోయేవి, మిగతావి ఉండేవి. నేను నోరు తెరిచేలోపే భాగ్యమ్మ అందుకుంది. "సారుదేం తప్పులేదు. నా గుడ్డనే అన్నిటికీ అంటవెట్టింది. నాకు తెల్వలే."

నర్సింగ్ నా వైపు చూశాడు. "అవును, గుడ్డ వల్లే పాకింది," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది నోటికి.

"చూసినవా వదినా, ఇది మనకొచ్చే పని గాదు," అన్నాడతను మెల్లగా. ఆమె తల దించుకుంది. నేను టీ తాగి లేచాను.

దీపావళి అయ్యాక కొట్టం పడగొట్టారు. భాగ్యమ్మ పద్నాలుగు కుండీలూ ఆటోలో వేసుకుని దుకాణానికి వచ్చింది. "రూములు కడుతున్రు, పెట్టేటందుకు జాగ లేదు. మీ కాడ బతుకుతయి సారు," అని దించి వెళ్లింది. చలికాలం పోతూ పోతూ వాటిలో తొమ్మిది పూత పట్టాయి.

ఆ తర్వాత నేను ఫొటో చూసి ఆర్కిడ్‌కు మందివ్వలేదు. ఆకు తెమ్మంటాను, వీలైతే వెళ్తాను. ఈ మాత్రం ఏ దుకాణదారైనా నేర్చుకుంటాడు. రోగం గుర్తుపట్టడం కంటే, పొరబడ్డానని సమయానికి చెప్పడం కష్టమని మాత్రం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎంత బాగా పెంచారు సార్ అని పూలు చూసినవాళ్లు అంటే, అవి భాగ్యమ్మ పెంచినవని చెబుతూనే ఉన్నాను. తప్పు మందిచ్చింది నేనని చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. అదీ ఆమెకు కాదు, మీకు.