నడివయసు అని తేల్చేశారు

మా మేనత్తకు నడివయసు వచ్చేసిందని ఊరి పెద్దలు తేల్చిన సాయంత్రానికి ఆమెకు ముప్ఫై ఏళ్లు నిండి ఉంటాయో లేదో. మొన్న ముప్ఫై నాలుగేళ్ల మా మనవరాలు పెళ్లికి అప్పుడే తొందరేమిటని నవ్వుతుంటే, అరవైల చివర శృంగవరపుకోట దగ్గర మా ఊళ్లో జరిగిన ఆ తగువు గుర్తొచ్చి నాకు అన్నం సయించలేదు.

మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో పుట్టిన ఏడు ఎవరికి తెలుసు గనక. మా వైపు ఆడదాని వయసును ఆమె కూతుర్ని చూసి కట్టేవారు. మా వాళ్లలో మారుమనువు తప్పు కాదు గానీ, కూతురు పెద్దమనిషైతే తల్లికి నడివయసు వచ్చినట్టే, ఇక మనువు మాట ఎత్తకూడదు. అత్త మొగుడు పోయాక పిల్లతో మా ఇంట్లోనే ఉంటూ రాగులు పండే చోడిచేలో ఒళ్లు వంచి పనిచేసేది. సాలూరులో లారీ నడిపే ఒకాయన, భార్య పోయినవాడు, ఆమెను చేసుకుంటానని కబురంపాడు, అత్తకూ ఇష్టమే. ఇంతలో పిల్ల ఈడేరింది. మనువయ్యేదాకా గుట్టుగా ఉంచమని నాయనమ్మ చెప్పినా వినక, తండ్రి లేని పిల్లకు ముచ్చట తక్కువ కాకూడదని అత్త వీధంతా నువ్వుల చిమ్మిలి పంచింది.

ఆ చిమ్మిలి తిన్నవాళ్లే తగువు తీర్చడానికి పెద్దలుగా కూర్చున్నారు.

“నడివయసొచ్చీసినాక మనువేటే నీకు?” అన్నాడు వాళ్లలో పెద్దాయన.

“మనవణ్ణెత్తుకున్నాక నువ్వు రెండోదాన్ని తెచ్చుకోలేదా మావా? మరి నీదే వయసు?” అంది అత్త.

“మగోడికి వయసేటే, పళ్లూడినా కుర్రోడే!”

అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. ఆమె ఆయన వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

కొద్దిరోజులకు కొత్తవలస సంతకని వెళ్లిన అత్త తిరిగి రాలేదు. నాన్న నూతులు వెతికించాడు, రైలు పట్టాల వెంట నడిచాడు. చివరికి సాలూరు వెళితే, ఆమె అక్కడికీ రాలేదని చెప్పి ఆ లారీ ఆయన గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడట.

తర్వాత నేను పత్రికలో చేరాను. ఎక్కడో గుర్తుతెలియని నడివయసు స్త్రీ శవం దొరికిందని పోలీసు స్టేషను నుంచి కబురొస్తే, వార్త రాయకముందే వెళ్లి ముఖం చూసి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు నడివయసన్న ఆ మాటను యాభై దాటినవాళ్లే ఒప్పుకోవడం లేదు, మంచిదే. అత్త కూతురు, మా మరదలు, ముసలిదైపోయింది. పెద్దల అమావాస్యకు ఏటా తల్లి కోసం ఒక చీర కొంటుంది. పోయినవాళ్ల పేరిట పెట్టే కొత్తబట్టల్లో దాన్ని పెట్టాలో వద్దో ఈ ఏడూ ఎవరూ చెప్పలేకపోయారు.