ఎర్రకారు మీద రెండో చప్పుడు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం లేదు, కోపం ఉంది. ముప్పై ఏళ్లుగా మార్కాపురంలో టింకరింగ్ షెడ్డు నడుపుతున్నాను. యాక్సిడెంటు అయిన బండ్ల సొట్టలు తీసి, వెల్డింగ్ చేసి, రంగు వేయడం నా పని. మనుషులు పోయిన బండ్లు ఎన్నో నా షెడ్డులో నెలల తరబడి పడి ఉన్నాయి. వాటి పక్కనే చాప వేసుకుని మధ్యాహ్నం కునుకు తీశాను. ఏ బండీ నన్ను లేపలేదు. కొత్తగా కొన్న బండికి దిష్టి ఎలా తీయాలని ఎవరైనా అడిగితే, ముందు బ్రేకులు చూసుకోమని కసిరేవాణ్ని.

అందుకే ఇప్పుడు రాసేది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్లు చెబుతాను, అంతే.

ముందు నా గుట్టు ఒకటి విప్పాలి. ఇన్నేళ్లు రేకు మీద సుత్తి దెబ్బలు వినీ వినీ నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది సగం పనిచేస్తుంది. ఆరేళ్ల కిందట ఒంగోలులో డాక్టరు పరీక్ష చేసి ఆ సంగతి రాసిస్తే, ఆ కాగితం మడిచి పెట్టె అడుగున పడేశాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మా ఆవిడ నాలుగుసార్లు పిలిచి, "చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో" అని విసుక్కుంటే నవ్వి ఊరుకునేవాణ్ని. అది నిజమని పాపం ఆమెకు తెలియదు.

ఎందుకు దాచానంటే, నా పేరంతా ఆ చెవుల మీదే నిలబడింది. పాత బండి కొనేముందు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు నన్ను తీసుకుపోయేవాళ్లు. చిన్న స్పానరుతో బండి ఒళ్లంతా తట్టి చూసి, ఎక్కడ అసలు రేకు ఉంది, ఎక్కడ పుట్టీ పూసి రంగు కొట్టారు, ఎక్కడ లోపల తుప్పు తినేసింది, అన్నీ చెప్పేవాణ్ని.

ఆ విద్య మా నాయన పెట్టిన భిక్ష. ఆయన బడిపిల్లల రాతిపలకల ఫ్యాక్టరీలో మంచి పలకలు, చెడ్డ పలకలు ఏరే పని చేసేవాడు. పలకను మూల పట్టుకుని వేలి కణుపుతో తట్టేవాడు. మంచి పలక ఖంగుమనేది. కంటికి ఆనని పగులున్న పలక మొద్దుగా పలికేది. ప్రతి పలకనూ ఆయన రెండుసార్లు తట్టేవాడు. ఒకటి పలక కోసం, ఇంకొకటి మన తొందర కోసం అనేవాడు. ఒక తట్టు, కొంచెం ఆగడం, మళ్లీ ఒక తట్టు. నాకు ఆ ఓపిక పట్టుబడలేదు. నేను ఎప్పుడూ ఒక్కసారే తట్టి తేల్చేసేవాణ్ని.

చెవి పోయాక ఒక తప్పు చేశాను. మా వీధిలో ఒకతను కొనబోయే వ్యానును తట్టి, ఏమీ వినపడకుండానే "బాగుంది" అన్నాను. నెల తిరక్కముందే దాని ఛాసిస్, అంటే అడుగు చట్రం, విరిగింది. సందులో మెల్లగా పోతున్నప్పుడు విరిగింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అతను నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఎవరు ఏ బండి చూపించినా "వద్దు" అనడం మొదలుపెట్టాను. వద్దంటే ఎవరికీ ప్రాణం మీదికి రాదు కదా.

అలాంటి రోజుల్లో మా అక్క కొడుకు శ్రీను వచ్చాడు. వాళ్లది బేస్తవారిపేట దగ్గర పల్లె. మా బావ పోయాక అక్క జీవాలు మేపుకుంటూ, గొర్రెలూ మేకలూ అమ్ముకుంటూ వాణ్ని పెంచింది. వాడు పెళ్లిళ్లకు కార్లు తోలతాడు. ఎప్పుడూ వేరేవాళ్ల కార్లే. గిద్దలూరులో ఒక పాతకాలపు స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉందట. ఎర్రది, రెండే తలుపులు, పైకప్పు మడిచి పెట్టొచ్చు. దానిలో పెళ్లికొడుకులను ఊరేగించి, ఫోటోలకు బాడుగకిచ్చి, తన కాళ్ల మీద తాను నిలబడాలని వాడి ఆశ. ధర చూస్తే పాత ఆటో ధర. అక్క తన మంద మొత్తం అమ్మేస్తే సరిపోతుంది.

ఆ 'మొత్తం' అన్న మాట దగ్గర నా చేతిలో సుత్తి ఆగింది.

"మామా, నువ్వు బాగుందంటే కొంటా. వద్దంటే ఇంక దాని ఊసే ఎత్తను" అన్నాడు శ్రీను. వాడు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. అలాంటివాడు ఆ మాట అన్నాడంటే నన్ను ఎంత నమ్మాడో చూడండి.

బయలుదేరే ముందే నేను వద్దని నిర్ణయించుకున్నాను. కంభం దాటేదాకా వాడు ఆ కారుకు ఏ పూలు కట్టాలో, బానెట్ మీద పేర్లు ఎట్ల రాయించాలో చెబుతూనే ఉన్నాడు. నా ఎడమ చెవికి సగం చేరింది. ఆ సగానికే సిగ్గుతో చచ్చిపోయాను.

కారు ఊరి చివర రేకుల షెడ్డులో ఉంది. దాని యజమాని పోయి చాలా కాలమైంది, అల్లుడు అమ్ముతున్నాడు. ఎదురుగా టీ కొట్టాయన మమ్మల్ని ఆపి మరీ చెప్పాడు. "ముగ్గురు కొన్యారు, ముగ్గురూ తెచ్చి ఇడిసిపెట్టి పోయినారు. పాత ఓనరు ఇంకా దాంట్లోనే కూసున్నాడయ్యా. స్టీరింగ్ ఆయనే తిప్పుతాడు." నాకు చిర్రెత్తుకొచ్చింది. టీ డబ్బులిచ్చి, తాగకుండానే లేచాను.

అప్పుడు పొద్దున పదకొండు అవుతోంది. ఎండ బాగా ఉంది. అమ్మే అల్లుడు గేటు బయట ఫోను మాట్లాడుతున్నాడు. ఇంజను రెండో ప్రయత్నానికే లేచింది. పొగలో తేడా లేదు. ఇంజను ఆపి, స్పానరు తీశాను. శ్రీను వాళ్లమ్మకు చూపించడానికి నాలుగడుగుల వెనక నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు.

తలుపు మీద ఒక్కసారి తట్టాను. ఎడమ చెవిలో ఎప్పటిలాగే ఏదో బొంగురుగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు నా కుడి పక్క నుంచి, చచ్చిపోయిన ఆ చెవిలోనే, ఇంకో తట్టు వినిపించింది. ఖంగుమంది. రేకు ఎంత మంచిదైనా అలా మోగదు. అది పలక చప్పుడు.

కుడి పక్కకు తిరిగి చూశాను. గోడ, దానికి ఆనించిన నిచ్చెన. అంతే.

మళ్లీ తట్టాను. నాది ఒకటి. కొంచెం ఆగి, కుడి చెవిలో ఇంకొకటి. నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. శ్రీను చూడకుండా భుజంతో కళ్లు తుడుచుకుని పని సాగించాను. తలుపులు, ఫ్లోరు, డిక్కీ, వెనక చక్రాల పైభాగం. అన్నిచోట్లా రెండో తట్టు ఖంగుమనే పలికింది. ఇంత పాత కారు ఇంత ఆరోగ్యంగా ఉంటుందని నేను అనుకోలేదు.

బానెట్ ఎత్తి, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట ఛాసిస్ మీద తట్టాను. ఆగాను. ఈసారి రెండో తట్టు మొద్దుగా వచ్చింది. జానెడు పక్కన తట్టాను, మోగింది. మళ్లీ అక్కడే తట్టాను, మొద్దు. స్క్రూడ్రైవరుతో అక్కడి రంగు గీకితే పుట్టీ పెచ్చులుగా ఊడింది. కింద వేలెడు పొడవు పగులు, దాని మీద ఎవరో చేతకాక వేసిన వెల్డింగ్.

టీ కొట్టాయన చెప్పిన దయ్యం అదే. స్పీడు పెరిగితే పగులు విచ్చుకుంటుంది, స్టీరింగ్ పక్కకు లాగుతుంది. ముగ్గురూ దానికే పారిపోయారు. మంచి దారుఢ్యమున్న కారు ఒక్క జబ్బుతో ఇన్నాళ్లు చెడ్డపేరు మోసింది.

శ్రీను ఫోను దించాడు. "వద్దంటావా మామా?" అన్నాడు.

"కొనుక్కో అల్లుడూ. ఉండే జబ్బు ఇదొక్కటే. నేను బాగుచేస్తా" అన్నాను. ఆ మాట నా నోట రావడం నాకే వింతగా ఉంది.

పగులు చూపిస్తే ఆ అమ్మేవాడు వెంటనే ధర దించాడు. అక్క మంద సగం అమ్మితే చాలు.

తిరుగుదారిలో ఆ సంగతి చెప్పడానికి అక్క దగ్గర ఆగాం. సాయంత్రం, జీవాలు దొడ్డికి చేరే వేళ. శ్రీను వీడియో పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాడు. అక్క కాసేపు చూసింది. తర్వాత చూడటం మానేసి ఫోనును చెవికి ఆనించుకుంది.

"ఒరే కాశయ్యా, నాయన మాదిరి ఎప్పుడు నేర్చుకున్నావురా? ఒకటి తట్టి, ఆగి, ఇంకొకటి. అచ్చం నాయనే."

షెడ్డులో నేను విన్నది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా నాయన శ్రీను పుట్టకముందే పోయాడు, వాడికి ఆయన పద్ధతి తెలియదు. వాడు ఫోను లాక్కుని మళ్లీ పెట్టి చూశాడు. నాలుగుసార్లు చూశాడు.

"అమ్మా, మామ చెయ్యి ఒక్కసారే పడుతుంది. చప్పుడు మాత్రం రెండుసార్లు వస్తాంది."

ఫోను నా చెవి దగ్గర పెట్టారు. కుడి చెవికి ఏమీ లేదు. ఎడమకు కూడా ఏదో గరగర తప్ప ఏమీ అందలేదు. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. ఇంక దాచలేకపోయాను.

"నాకు వినపడదక్కా. కుడి చెవి పోయి ఆరేళ్లయింది."

అక్క నా కుడి చెవి మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

రేకుల షెడ్డు కదా, చప్పుడు తిరిగి కొట్టి ఉంటుందని తెలిసినవాళ్లు అన్నారు. నేనూ అదే అనుకోవాలని చూశాను. కానీ తిరిగి కొట్టిన చప్పుడు జానెడు దూరంలో మారిపోతుందా? పగులున్న చోటే మొద్దుబోతుందా? మళ్లీ ఒంగోలు వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. కుడి చెవి ఎక్కడుందో అక్కడే ఉంది. ఎలా విన్నానో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఛాసిస్‌కు ప్లేటు వేసి వెల్డింగ్ చేశాను. ఈ ముహూర్తాల్లో ఎర్రకారుకు ఖాళీ లేదు. అక్క మందలో కొత్త పిల్లలు పుట్టాయి. వ్యాను కొన్నతని ఇంటికి వెళ్లి నా చెవి సంగతి చెప్పి, తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు ఎవరైనా బండి చూడమంటే శ్రీనును వెంటబెట్టుకుని పోతున్నాను. వాడు రెండుసార్లు తడతాడు, నేను వాడి మొహం చూసి తెలుసుకుంటాను. వాడి చెవి మంచిది.

షెడ్డులో ఎవరూ లేనప్పుడు మాత్రం ఆ స్పానరు తీసి ఏదో ఒక రేకు మీద ఒక్కసారి తడతాను. తట్టి, కొంచెం ఆగుతాను. ఏమీ రాదు. అయినా రోజూ ఆగుతాను.