పాండురంగ గారి చెక్క తెడ్లు

ఒట్టావా పక్కనున్న కనాటాలో ఏ తెలుగువాళ్ళ గరాజ్‌లోకి తొంగి చూసినా మంచు ఎత్తిపోసే స్నో బ్లోవర్ హ్యాండిల్‌కు ఒక చెక్క తెడ్డు వేలాడుతూ కనిపిస్తుంది. పులిహోర కలపడానికి వాడే మామూలు తెడ్డే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో దిష్టి తగలకుండా కట్టారనుకుంటారు. దిష్టికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ బండిని పాండురంగ గారు సర్వీసు చేశారని దాని అర్థం.

పాండురంగ గారికి డెబ్బై ఒకటి. ముప్పై ఏళ్ళు టెలికాం కంపెనీలో ఇంజనీరుగా చేశారు. రిటైరయ్యాక కొందరు వేదాంతం పట్టుకుంటారు, కొందరు షేర్ మార్కెట్ పట్టుకుంటారు. ఆయన స్పానర్ పట్టుకున్నారు. అక్టోబరు వచ్చిందంటే ఆయన కారు గరాజ్ బయటికి, ఊళ్ళోవాళ్ళ స్నో బ్లోవర్లు లోపలికి. పాత పెట్రోలు తీసేసి, కార్బురేటర్ కడిగి, ఆయిలూ ప్లగ్గూ మార్చి, బెల్టు అరిగిందేమో చూసి, ముందు భాగంలో మంచును లోపలికి లాగే మెలికల ఆగర్ ఇరుసుకు గ్రీజు పట్టిస్తారు. ఆ గ్రీజు ఎందుకో వినేవాళ్ళకూ చెప్తారు, విననివాళ్ళకూ చెప్తారు. ఇదంతా ఉచితం. "పైసా తీసుకోరు, పైగా నా వంటింటి తెడ్లే ఎదురు ఇస్తారు" అని ఆయన భార్య సీతాదేవి గారు కనబడినవాళ్ళందరితో అనేవారు. ఆ గొడవ పడలేక ఆయన ఇండియన్ షాపులో తెడ్లు డజన్ల లెక్కన కొనడం మొదలుపెట్టారు.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఒక ఉపన్యాసం ఉంటుంది. "మంచును బయటికి చిమ్మే ఈ గొట్టం మూసుకుపోయిందనుకో. ముందు ఇంజన్ ఆపు. లోపల తిరిగేదంతా ఆగేదాకా చూడు. అప్పుడు ఈ తెడ్డుతో తియ్యి. చెయ్యి మాత్రం పెట్టకు." అంతా విని బుద్ధిగా తలూపాక, "ఇంటికి తీసుకెళ్ళి నడిపి చూసుకో" అనేవారు. ఆయన మాత్రం నడిపి చూసేవారు కాదు. ఇంజన్ స్టార్ట్ చేసేవారు, చప్పుడు వినేవారు, ఆపేసేవారు. ఆగర్ తిప్పే లివర్ మీద చెయ్యి వేసేవారు కాదు. ఎవరి బండి వాళ్ళే మొదట నడుపుకోవాలని పెద్దాయన మర్యాద కాబోలని అందరూ అనుకున్నారు.

అది మర్యాద కాదు, భయం.

ఆయన కుడిచేతికి మధ్యవేలూ ఉంగరపు వేలూ సగం వరకే ఉంటాయి. తొమ్మిదేళ్ళ క్రితం గరాజ్ తలుపు కింద నలిగాయని అందరికీ తెలుసు. ఆ ఏడు కనాటాలో సగం మంది తెలుగువాళ్ళు తమ గరాజ్ తలుపుల్ని అనుమానంగా చూశారు. తెలుగు సంఘం వాళ్ళు ఈమెయిల్‌లో జాగ్రత్తలు పంపారు. ఒకాయన ఏకంగా కొత్త తలుపు పెట్టించుకున్నాడు. పాపం, ఆ తలుపుల తప్పేమీ లేదు.

జరిగింది వేరు. ఆ నవంబరులో తెలుగు సంఘం మీటింగులో "చలికాలం జాగ్రత్తలు" అని పాండురంగ గారు గంటసేపు మాట్లాడారు. స్లైడ్లు వేసి మరీ చూపించారు. లివర్ వదిలితే ఆగర్ ఆగాలి, అందుకే లివర్‌ను ఎప్పుడూ కట్టెయ్యకండి, తిరిగే గొట్టంలో చెయ్యి పెట్టకండి అని నొక్కి చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయనకు శాలువా కప్పారు. సరిగ్గా పన్నెండు రోజులకు పెద్ద మంచు పడింది. వీధి శుభ్రం చేసే సిటీ బండి వచ్చి, ఇంటి ముందు నడుమెత్తు గడ్డకట్టిన మంచు గట్టు పోసి పోయింది. ఆయనకు ఒక చెయ్యి ఖాళీ కావాల్సి వచ్చి లివర్‌ను బూటు లేసుతో కట్టేశారు. గొట్టం మూసుకుపోయింది. రెండు సెకన్ల పనే కదా అని చెయ్యి పెట్టారు.

ఆస్పత్రికి కారు నడుపుకుంటూ తీసుకెళ్ళింది సీతాదేవి గారే. దారిలో ఆయన నొప్పి అనలేదు, రక్తం అనలేదు. "సీతా, ఎవరికీ చెప్పకు. శాలువా ఇంకా బీరువాలో కూడా పెట్టలేదు" అన్నారు. గరాజ్ తలుపు కథ ఆవిడే కల్పించారు. తొమ్మిదేళ్ళు ఆ అబద్ధాన్ని కాపాడుతూ వచ్చారు, మనసులో మాత్రం అది ఎప్పుడూ గుచ్చుతూనే ఉంది. అబద్ధం ఆడాల్సి వచ్చిందని కాదు. నిజం చెప్తే ఇంకెవరి వేళ్ళయినా దక్కుతాయి కదా అని. ఆ మాటే ఆయనతో అంటే, వెళ్ళి ఇంకో బండికి తెడ్డు కట్టేవారు.

రెండిళ్ళ అవతల రాగిణి ఉంటుంది. ఆమె భర్త తారక్‌ను కంపెనీవాళ్ళు ఏడాది పాటు వాంకూవర్ పంపారు. రాగిణి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఒట్టావా మొత్తం మీద కొలత తప్పని చెయ్యి ఆమెది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆమెను బతిమాలుకోని ఆడవాళ్ళు లేరు. తారక్ వెళ్ళే హడావిడిలో మర్చిపోతే, తమ స్నో బ్లోవర్‌ను రాగిణే డిసెంబరులో, చలి ముదిరాక, పాండురంగ గారి దగ్గరికి తోసుకొచ్చింది. ఆయన అన్నీ చేశారు, తెడ్డు కట్టారు, ఉపన్యాసం ఇచ్చారు, నడిపి చూసుకోమన్నారు.

జనవరి మూడో వారంలో రెండు రోజులు ఆగకుండా మంచు పడింది. మూడో రోజు పొద్దున్న తెరిపి ఇవ్వగానే సీతాదేవి గారు, "ఏమండీ, రాగిణి దగ్గర నా జాకెట్లు రెండున్నాయి, కాస్త తెచ్చిపెట్టండి" అని ఆయన్ని పంపారు.

రాగిణి ఇంటి ముందుకొచ్చి ఆయన నిలువునా ఆగిపోయారు. స్నో బ్లోవర్ నడుస్తోంది. హ్యాండిల్ దగ్గర ఎవరూ లేరు. ఆగర్ తిరుగుతూనే ఉంది. రాగిణి బండి ముందు వంగి, మూసుకుపోయిన గొట్టంలోకి తెడ్డు దూర్చి పొడుస్తోంది.

"రాగిణీ!" అని అరిచారు. ఇంజన్ హోరులో ఆమెకు వినబడలేదు. మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి హ్యాండిల్ అందుకున్నారు. లివర్‌కు లంగా బొందు చుట్టి, గట్టిగా ముడేసి ఉంది. ముడి గడ్డకట్టింది. ఆయన మిగిలిన వేళ్ళతో ముడి లాగుతుండగానే ఫటేల్మని శబ్దమైంది. తెడ్డు రాగిణి చేతిలోంచి మాయమైంది. గొట్టంలోంచి మంచుతో పాటు చెక్క ముక్కలు ఎగిరి ఆయన బూట్ల మీద పడ్డాయి. అప్పటికి ఆయన చేతికి ఇంజన్ తాళం దొరికింది. లాగేశారు. ఇంజన్ ఆగింది.

రాగిణి ముందు అదిరిపడింది. తర్వాత తన చేతులు రెండూ చూసుకుని నవ్వేసింది.

"భయపడ్డారా అంకుల్? తెడ్డే కదా పోయింది. ఇంకోటి ఇవ్వండి. మీరు చెప్పినట్టు చెయ్యి పెట్టలేదు చూడండి."

పాండురంగ గారు బూట్ల మీది చెక్క ముక్కల్ని చూశారు. ఆమె తన మాట వినలేదని కోప్పడదామంటే, వినబట్టే ఇలా చేసిందని అర్థమైంది. చేతిలో తెడ్డుంటే చాలనుకుంది. ఇంజన్ ఆపమన్నది మర్చిపోయింది, తెడ్డు మాత్రం గుర్తుంచుకుంది. ఎన్ని గరాజ్‌లలో ఎంతమంది ఇలాగే గుర్తుంచుకున్నారో అనుకున్నారు.

"ఈ బొందు ఎందుకు కట్టావమ్మా?" అని అడిగారు.

"లివర్ చాలా టైట్‌గా ఉంది అంకుల్. పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే బొటనవేలు లాగేస్తోంది. సాయంత్రం హుక్కులు కుట్టలేకపోతున్నా. మీ గరాజ్‌లో నొక్కి చూస్తే బాగానే ఉంది, బయటికి తెస్తే బిగుసుకుపోతోంది. మీరు ఫ్రీగా చేస్తారు, మళ్ళీ వచ్చి కంప్లైంట్ చెయ్యడం ఏం బాగుంటుందని ఊరుకున్నా."

ఆయన వంగి లివర్ నుంచి కిందికి వెళ్ళే తీగను తడిమి చూశారు. పైన తొడుగు చిట్లి ఉంది. లోపలికి తడి చేరి, చలికి గడ్డకడుతోంది. వెచ్చటి గరాజ్‌లో అది తెలియదు. డిసెంబరులో ఆ బండిని బయటికి తీసి, రెండు నిమిషాలు లివర్ నొక్కి నడిపి ఉంటే తెలిసేది. నడపలేదు. తొమ్మిదేళ్ళుగా ఒక్క బండీ నడపలేదు.

పాండురంగ గారు కుడిచేతి గ్లవ్ తీసేశారు. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో ఆ చెయ్యి రాగిణి ముందు పెట్టారు.

"ఇది గరాజ్ తలుపు చేసింది కాదమ్మా."

"అంటే?"

"దీని లాంటి బండే. నేనూ లివర్ కట్టాను. నువ్వు బొందుతో కట్టావు, నేను బూటు లేసుతో కట్టాను. అంతే తేడా. కట్టొద్దని సంఘం మీటింగులో అందరికీ చెప్పిన పన్నెండో రోజున కట్టాను. సిగ్గేసి తలుపు మీదికి తోశాను."

రాగిణి నవ్వు ఆగిపోయింది. ఆ చేతిని చూసింది. తన చేతి వేళ్ళను మెల్లగా మడిచి కోటు జేబుల్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా పని మొత్తం ఈ చేతుల్తోనే అంకుల్" అంది.

"తెలుసమ్మా. అందుకే చెప్పాను. ఇంకొకళ్ళకైతే చెప్పేవాణ్ణో లేదో" అన్నారు ఆయన, నిజాయితీగానే.

జాకెట్లు లేకుండా, రాగిణి స్నో బ్లోవర్ తోసుకుంటూ ఇంటికొచ్చిన భర్తను చూసి సీతాదేవి గారు గుమ్మంలోనే ఆపారు. ఆయన జరిగింది చెప్పారు. చివర, "చెప్పేశాను సీతా" అన్నారు. ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చారు. తర్వాత, "తొమ్మిదేళ్ళు పట్టింది" అని మాత్రం అని, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. ఆ రోజు ఆయన కాఫీలో చక్కెర రెండు చెంచాలు పడింది. షుగరున్న మనిషికి ఆవిడ తెలిసి అలా ఎప్పుడూ వెయ్యరు.

కొత్త తీగ రావడానికి మూడు రోజులు పట్టింది. ఈలోగా ఆయన ఫోన్ పట్టుకుని, ఆ ఏడు సర్వీసు చేసిన ఇరవై రెండు ఇళ్ళకూ వరసగా ఫోన్ చేశారు. తెడ్డు సంగతి, లివర్ సంగతి, తన వేళ్ళ సంగతి చెప్పారు. గరాజ్ తలుపు మార్పించుకున్నాయన, "నేనూ కడతానండీ. మా అబ్బాయి బెల్టుతో" అన్నాడు. అలాంటివాళ్ళు ఇంకా నలుగురు తేలారు. ఎవరూ నవ్వలేదు. ఆయన తొమ్మిదేళ్ళు భయపడింది ఆ నవ్వుకే.

శనివారం రాగిణి బండి కోసం వచ్చింది. చేతిలో సీతాదేవి గారి జాకెట్లూ, ఒక కాగితం పొట్లమూ ఉన్నాయి. పొట్లం విప్పితే పాండురంగ గారి కుడిచేతి గ్లవ్. మొన్న ఆమె వాకిట్లో మర్చిపోయి వచ్చినదే. మధ్యవేలూ ఉంగరపు వేలూ ఆయన వేళ్ళు ఎంతవరకున్నాయో అంతవరకే పొట్టిగా కత్తిరించి, కుట్టు కనబడకుండా కుట్టింది. కొలత తీసుకోలేదు. ఆ రోజు ఒక్కసారి చూసింది, అంతే.

"ఖాళీ వేళ్ళు ఊగుతుంటే లివర్‌లో ఇరుక్కుంటాయి అంకుల్" అంది.

ఆయన తొడుక్కుని చూశారు. ఎక్కడా వదులు లేదు. ఏదో అనబోయి, దగ్గినట్టు నటించారు. సీతాదేవి గారు కిటికీలోంచి చూస్తున్నారు. ఆ దగ్గు ఆవిడకు తెలియనిది కాదు.

రాగిణి హ్యాండిల్ అందుకోబోయింది. "ఇంటికెళ్ళి నడిపి చూసుకుంటా అంకుల్."

"ఉండు" అన్నారు ఆయన.

బండిని తనే వాకిట్లోకి తోశారు. ఇంజన్ స్టార్ట్ చేశారు. ఒక్క క్షణం అలాగే నిలబడ్డారు. తర్వాత పొట్టి వేళ్ళ గ్లవ్ తొడిగిన చేతిని లివర్ మీద వేసి నొక్కారు. అది మెత్తగా దిగింది. ఆగర్ తిరిగింది, మంచు ఎగిరి పక్కన పడింది. వీధి దాకా నడిపారు. అక్కడ చెయ్యి వదిలేశారు. ఆగర్ ఆగింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ వదిలారు. ఆగింది. మూడోసారీ వదిలి, ఆగేదాకా చూసి, అప్పుడు వెనక్కి తిరిగి, "ఇప్పుడు తీసుకెళ్ళమ్మా" అన్నారు.