ఆమెనే చెప్పమన్న

ఆ రోజు పొద్దున నేను చేసింది తప్పు. "ఇద్దరం కౌన్సెలింగ్‌కు పోదాం, నీ కోపానికి పిల్లలు భయపడుతున్నరు" అని నా భార్య అడిగితే, "నాకేమన్న పిచ్చా?" అని అన్నం కంచం గోడకేసి కొట్టాను. అదే ఊపులో సూర్యాపేట బస్టాండుకు వచ్చి మిర్యాలగూడ బస్సెక్కాను.

నా పక్క వరుసలో అరవై ఏళ్ల రైతు, కిటికీ దగ్గర ఆయన భార్య కూర్చున్నారు. టికెట్ కొడుతూ కండక్టర్ నవ్వాడు.

"ఏం పెద్దాయనా, అమ్మను తోలుకొని సినిమాకా?"

"కాదు బిడ్డా. కోపానికి కౌన్సెలింగ్ ఇస్తరంట, గాడికి పోతున్నం," అన్నాడాయన, గొంతు తగ్గించకుండా.

"కోపం నీదైతే అమ్మెందుకు?"

"నేను చెప్తె సగం దాస్త. కొట్టింది నాకు యాదికుండదు, ఆమెకుంటది. అందుకే ఆమెనే చెప్పమన్న."

"అన్నీ చెప్త మరి," అందామె, ఆయన వైపు తిరగకుండానే.

"అన్నీ చెప్పు," అన్నాడాయన. రెండు చేతులతో ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు.

కండక్టర్ మళ్లీ నవ్వలేదు. నేను ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. మనిషికి అంత ధైర్యం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మిర్యాలగూడలో దిగగానే నా భార్యకు ఫోన్ చేసి క్షమించమన్నాను. వారం తర్వాత ఇద్దరం కౌన్సెలర్ ముందు కూర్చున్నాం. నా పేరు చెప్పి, "మిగతాది ఆమె చెప్తది" అన్నాను. ఆమె చాలాసేపు చెప్పింది. "గట్ల కాదు" అనడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మూసుకున్నాను.