లోపల వదిలిన బట్ట

మా అమ్మమ్మ బడిపిల్లల బట్టలు కుట్టేది. పెళ్ళిబట్టల జోలికి పోయేది కాదు. "అవి ఒక్కరోజు బతుకుతాయి. బడిబట్ట ఏడాదంతా పిల్లతో పాటు బతకాలి," అనేది. వీధి మొదట్లో, మెట్ల కింద ఉన్న ఇరుకు గది ఆమె దుకాణం. తలుపు తీస్తే కొత్తబట్ట గంజి వాసన, మిషన్ నూనె వాసన. మధ్యాహ్నపు ఎండ పలకలా లోపలికి జారి, కత్తిరించిన నీలిముక్కల మీద పడుకునేది. ఆ గది నాకు ఇప్పటికీ ముందు ముక్కుకే గుర్తొస్తుంది, కళ్ళకు తర్వాత.

ఆమె పనికి ఒక పద్ధతి ఉండేది. ఏ స్కర్టు కుట్టినా అంచులో బెత్తెడు బట్ట లోపలికి మడిచి వదిలేది. పిల్ల పొడుగైతే ఆ మడత కొంచెం విప్పి మళ్ళీ కుట్టేది. విప్పిన చోట సన్నటి గీత మిగిలిపోయేది, వాగు తగ్గాక గట్టు మీద మిగిలే నీటి జాడలా. మా అమ్మ చిన్నప్పటి స్కర్టు ఒకటి ట్రంకుపెట్టెలో ఉండేది. దాని అంచున అలాంటి గీతలు ఒకదాని మీద ఒకటి. అమ్మమ్మ వాటి మీద వేలు పెట్టి, "ఇది మీ అమ్మ తాడాట పిచ్చిలో పడ్డ ఏడు. ఇది నిచ్చెనలా ఎదిగి నన్ను దాటేసిన ఏడు," అని చెప్పేది. నడుము దగ్గర మాత్రం ఆ స్కర్టును ఎప్పుడూ ముట్టుకోలేదు.

"బట్ట మనిషికి లొంగాలి గానీ, మనిషి బట్టకు లొంగకూడదు," అన్నది ఆమె నమ్మకం. మా ఇంట్లో తప్పు జరిగింది ఆ నమ్మకం దగ్గరే.

ఇంట్లో మేం ముగ్గురం. అమ్మ ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. నేను నిద్ర లేచేసరికి వెళ్ళిపోయేది, చీకటి పడ్డాక వచ్చేది. అప్పటికి నేను వదులు గౌనులో ఉండేదాన్ని. సాయంత్రం బడి వ్యాను నన్ను దుకాణం ముందు దింపేది. బల్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ, పక్కకొట్టు నుంచి అమ్మమ్మ తెప్పించిన చిప్స్ పొట్లం ఖాళీ చేసేదాన్ని. తర్వాత బిస్కెట్లు, ఆపైన తియ్యటి కూల్‌డ్రింక్. అమ్మమ్మ మిషన్ తొక్కుతూ నన్ను చూసి మురిసిపోయేది. కాళ్ళు ఆడేది ఆమెవి. నోరు ఆడేది నాది.

వ్యాను డ్రైవరు నన్ను గుమ్మడి అనేవాడు. "గుమ్మడీ, నువ్వు మధ్యలో కూర్చో తల్లీ. పక్కన కూర్చుంటే బండి ఒరుగుతుంది." పిల్లలు నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వాను. ఒకరోజు అమ్మమ్మ విన్నది. టేపు మెడలో వేసుకునే బయటికొచ్చింది.

"ఏమయ్యా, బండి ఒరిగితే టైర్లలో గాలి చూసుకో. పిల్ల మీద పడతావేం?"

డ్రైవరు నాలుక కరుచుకున్నాడు. ఆ సాయంత్రం నేను అడిగాను.

"అమ్మమ్మా, నేను లావయ్యానా? స్కర్టు హుక్కు పట్టడం లేదు."

అమ్మమ్మ దారం కొరికి, నా వైపు చూడకుండా, "నువ్వెందుకవుతావే. బట్ట ముడుచుకుంది. ఉతికితే ముడుచుకోదూ? ఈ రంగు అలాంటిది," అంది.

నడుము దగ్గర కుట్టు విప్పి, అక్కడ కూడా లోపలికి వదిలిన బట్ట బయటికి తీసి, మళ్ళీ కుట్టింది. ఆ తర్వాత అదే అలవాటైంది. నాకు బిగుతైనప్పుడల్లా బట్ట ముడుచుకునేది, అమ్మమ్మ విప్పేది. నేను మనసారా నమ్మాను. రోజూ చూసే కళ్ళకు పెరుగుదల కనపడదు, అది బట్టే చెప్పాలి. మా ఇంట్లో ఆ బట్ట నోరు అమ్మమ్మ కుట్టేసింది.

మేముండేది నాలుగో అంతస్తులో. ఒకసారి లిఫ్టు చెడిపోయింది. మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ గోడ పట్టుకుని ముందు ఎక్కుతోంది, వెనక నేను. సగం దూరంలోనే కూలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆమె వెనక్కి దిగొచ్చి నా వీపు మీద చెయ్యి పెట్టింది. కొలత తీసేటప్పుడు ఉన్నట్టే చాలాసేపు కదలకుండా ఉంది ఆ చెయ్యి.

ఆ వారమే స్కర్టు లోపల బట్ట అయిపోయింది. ఇక విప్పడానికి ఏమీ లేదు. కొత్త నీలం అతికిస్తే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ట్రంకుపెట్టెలోని అమ్మ స్కర్టయితే వెలిసి ఉంది, నా దాంట్లో కలిసిపోతుందనుకుంది. దాని అంచు దగ్గర ఒక పట్టీ కత్తిరించి, నిలువుగా తిప్పి, నా స్కర్టు పక్కన అతికించింది.

కలిసిపోయింది కూడా. కానీ ఆ ఆదివారం అమ్మకు తీరిక దొరికి నా బడిబట్టలు ఇస్త్రీ చేయడానికి కూర్చుంది. స్కర్టు పక్కన నిలువుగా నిలబడ్డ గీతల దగ్గర ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

"అమ్మా, ఇది నా స్కర్టు కదూ?"

"పెట్టెలో ఊరికే పడుంటే..." అంది అమ్మమ్మ.

"నడుము దగ్గర ఎన్నిసార్లు విప్పావు దీన్ని?"

"బట్ట ముడుచుకుంటోందమ్మా," అన్నాను నేను, అమ్మమ్మను కాపాడాలని.

అమ్మ నన్ను చూసింది. తర్వాత అమ్మమ్మను. అమ్మ ముఖంలో నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది.

"మొన్న బడిలో పిల్లల్ని చూసిన డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఈ వయసుకు ఈ బరువు మంచిది కాదు, ఇలాగే పోతే పెద్దవాళ్ళ జబ్బులు ముందే వస్తాయంది. నేనేమన్నానో తెలుసా అమ్మా? స్కర్టు నిరుటిదే, బాగానే పడుతోంది కదండీ, అన్నాను."

అమ్మమ్మ కత్తెర తీసి, కింద పెట్టి, మళ్ళీ తీసింది.

"పిల్ల చిన్నబుచ్చుకుంటుందని..."

"నేను చిన్నబుచ్చుకోలేదా? చిప్స్ అడిగితే మంచినీళ్ళు తాగి ఆడుకో పొమ్మనేదానివి నన్ను."

"అప్పుడు లేదన్నాను, లేక. ఇప్పుడు ఉండీ లేదనడానికి నోరు రాలేదే."

ఇస్త్రీపెట్టె మళ్ళీ కదిలింది, ఆ గీతల పక్కనుంచి మెల్లగా.

మర్నాడు అమ్మమ్మ వ్యాను దగ్గరికి వెళ్ళింది. "రేపట్నుంచి సాయంత్రం పూట పిల్లను నేనే తెచ్చుకుంటాను."

"మీ మోకాళ్ళతోనా అమ్మగారూ?"

"నా మోకాళ్ళూ దాని ఆయాసమూ మాట్లాడుకుంటూ వస్తాయిలే."

బడులు తెరిచిన కొత్త. గిరాకీ ఉన్న వేళ. ఆ వేళలోనే దుకాణానికి తాళం వేసి బడి గేటు దగ్గర నిలబడేది. అంతకుముందు జ్వరమొచ్చినా తాళం పడని తలుపది. బట్టల కోసం వచ్చినవాళ్ళు గొణిగేవాళ్ళు. "కుట్టు ఆగుతుంది, పిల్ల ఆగదు," అనేది.

అమ్మ చిన్నప్పుడు బడికి నడిచిన దారినే నడిపించింది నన్ను. సైకిళ్ళు బాగుచేసే చోటు, ఆవిర్లు కక్కే చాకిరేవు షెడ్డు, రైలుపట్టాల మీది నడకవంతెన. ప్రతి అరుగు మీదా కూలబడేవాళ్ళం. "ముందు ఎవరు రొప్పితే వాళ్ళు ఓడినట్టు," అనేది రొప్పుతూనే. అమ్మ తాడాట ఆడిన ఖాళీస్థలంలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. రెండు కార్ల మధ్య సందు చూసి, అమ్మమ్మ జాకెట్లోంచి సుద్దముక్క తీసి, నేల మీద తొక్కుడుబిళ్ల గళ్ళు గీసింది. బట్ట మీద గీసినట్టే తిన్నగా వచ్చాయి గీతలు.

"ఇక్కడ బండ్లు పెడతారమ్మా," అన్నాడు కాపలాదారు.

"పెట్టుకోనీ బాబూ. గీత తొక్కితే బండి ఔటు."

అతను నవ్వాపుకోలేక అటు తిరిగాడు. మొదటిరోజు మూడో గడికే ఊపిరందలేదు నాకు. అమ్మమ్మ కారుకు ఆనుకుని, "తొందరేం లేదు, నేల ఎక్కడికీ పోదు," అంది. చిప్స్ పొట్లం పూర్తిగా మానలేదు నేను. ఆమె పూర్తిగా మాన్పించలేదు కూడా. వంతెన దాటాక, ఇద్దరికీ ఒకటి.

నేను సన్నబడలేదు. గుమ్మడి పేరు బడి ముగిసేదాకా ఉంది. కానీ వానలు వెలిసిన ఒక సాయంత్రం, అమ్మమ్మ లిఫ్టులో వస్తుంటే నేను పందెం వేసి మెట్లెక్కాను. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా నేనున్నాను, రొప్పుతూ, నిలబడే. ఆమె నా వీపు మీద చెయ్యి పెట్టి, ఆ రొప్పు నెమ్మదించేదాకా తీయలేదు. నెమ్మదించింది, తొందరగానే.

ఆ ఏడు చివర నా స్కర్టుకు మొదటిసారి అంచు మడత విప్పింది. అమ్మ పక్కనే కూర్చుని, "ఆ పట్టీ ఇక తీసెయ్యరాదూ, వదులవుతోందిగా," అంది.

"ఉండనీవే. ఊపిరికి కాస్త చోటుండాలి," అంది అమ్మమ్మ.

ఆమె లేదిప్పుడు. ట్రంకుపెట్టె నా దగ్గరుంది, అందులో నా స్కర్టు. అమ్మ నీలం, నా నీలం ఒకే రంగుకు వెలిసిపోయాయి. పట్టీ ఎక్కడుందో కంటికి తెలియదు. వేలు పెట్టి తడిమితే తగులుతాయి, అమ్మ ఎదిగిన గీతలు నిలువుగా, వాటి కింద, అడ్డంగా, నాది ఒకటి.