ప్రాణహిత ఒడ్డున తెల్లమూట

"నా తొడ ఎముక ఎక్కడుందో చూసి రా" అన్నారు మా మేడం. మోకాళ్లు అరిగి మంచం దిగలేని మనిషి అలా అంటే ముందు నవ్వొచ్చింది. ఆమె జీవితమంతా డైనోసార్ల ఎముకలు తవ్విన శాస్త్రవేత్త. నేను ఆమె దగ్గర చదివి, ఆ ఎండలు పడలేక బ్యాంకులో చేరిపోయిన శిష్యుణ్ని. వయసులో ఉండగా ప్రాణహిత ఒడ్డున ఆమెకు దాదాపు మనిషంత పొడవున్న తొడ ఎముక దొరికింది. పగలకుండా గోనెపట్టీలు ప్లాస్టర్‌లో ముంచి దాని చుట్టూ చుట్టారు. లారీ వచ్చేలోపే వరద వచ్చింది. నీళ్లు తగ్గాక వెళ్తే ఒడ్డు విరిగిపోయి ఉంది, మూట లేదు. అది కొత్త జంతువని ఆమె అంటే, ఎముక చూపించమన్నారు తోటివాళ్లు. చూపించడానికి నోటుబుక్కులో బొమ్మ తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మాట ఎవరూ నమ్మకుండానే ఆమె రిటైరయ్యారు.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కి పదకొండు దాటాక మంచిర్యాలలో దిగాను. అక్కడి నుంచి చెన్నూరుకు బస్సులో గంటకు పైనే. చెన్నూరులో మల్లేశ్ అనే ఆటో డ్రైవర్ రానూపోనూ ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. పత్తిచేల మధ్య పోతుండగా మేడం నోటుబుక్కులో మూట బొమ్మ చూపించి, ఇలాంటి తెల్లమూట ఈ పక్క ఎప్పుడైనా దొరికిందా అని అడిగాను. అతను ఆటో ఆపేశాడు.

"మూట గాదు సార్, పీనుగ. మా బాపు గూడ మోసిండు. ఎనిమిది మంది మోస్తే గూడ మోకాళ్లు వంగినయంట. గంత బరువు మనిషి ఉంటడా అని సచ్చేదాక అంటుండె."

మిట్టమధ్యాహ్నం ఎండలో నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. నేను సహజంగానే పిరికివాణ్ని, ఒప్పుకోవడానికి సిగ్గులేదు. "వెనక్కి పోదామా?" అన్నాను. మల్లేశ్ నవ్వకుండా, "ఆయన పెండ్లాం పోశవ్వను కలిసినంకనే పోదాం" అన్నాడు.

పోశవ్వ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆ వరదలోనే ఆమె భర్త పడవ మునిగిపోయింది. మూడు రోజులు వెతికారు. నాలుగో రోజు బురదలో తెల్లగా చుట్టిన ఆకారం బయటపడింది.

"ఎవలో పుణ్యాత్ములు ముందుగాల్నే బట్ట చుట్టిండ్రు బిడ్డా. బట్ట ఇప్పి సూడొద్దన్నరు పెద్దమనుషులు. మా ఆయన బక్కోడు. గంత బరువెట్లైండో! నీళ్లు మింగి బిగుసుకపోయిండన్నరు."

సమాధి ఊరవతల, వాగు పక్కన. పోశవ్వే కర్ర పట్టుకుని ముందు నడిచింది. అక్కడ ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. మల్లేశ్ దూరంగా ఆగిపోయాడు. వానలకు మట్టి కోసుకుపోయి ఓ మూల తెల్లగా బయటపడింది. వంగి చూశాను. ప్లాస్టర్‌లో గోనె అల్లిక అచ్చు. దాని మీద తారుతో గీసిన బాణం. నోటుబుక్కులో ఉన్న బాణమే. మేడం ముప్పయ్యేళ్ల పరువు నా చేతికి జానెడు దూరంలో ఉంది.

"సదువుకున్నోనివి గదా, గా గుర్తు ఏందో చెప్పు. ఇన్నేండ్ల సంది అడుగుతున్న, ఎవ్వలు చెప్పలే" అంది పోశవ్వ. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"ఉత్తరం దిక్కు గుర్తు, అవ్వా. ఎలా పడుకుని ఉన్నారో తర్వాత తెలియాలని, చుట్టినవాళ్లు గీశారు."

"మంచోళ్లు" అంది. కాసేపటికి, "జర మట్టెయ్యి బిడ్డా, నాకు వంగస్తలేదు" అంది. మూడు పిడికిళ్లు వేశాను. చాలలేదు. బాణం కనపడనంత వరకు వేస్తూనే ఉన్నాను.

చెన్నూరు బస్టాండులో సిగ్నల్ వచ్చాక మేడంకు జరిగినదంతా చెప్పాను. "కప్పేశావా?" అన్నారు. కప్పేశానన్నాను. "ఆమె ఏటా ఏం చేస్తుంది?" అన్నారు. పెత్రమాస అమావాస్య నాడు, చనిపోయిన పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు, భర్త పేరున ఇస్తుందని మల్లేశ్ దారిలో అన్న మాట చెప్పాను. "ఈసారి నా తరఫున కూడా ఇవ్వు" అని పెట్టేశారు.

నేను చేసింది తప్పో ఒప్పో నాకింకా తెలియదు. ఒక మనిషి మాట నిజమని తేలాలంటే ఇంకో మనిషి సమాధి ఖాళీ కావాలి. అందుకే పేర్లు మార్చాను, ఊరి పేరు రాయలేదు. ఆ పక్క వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఒడ్డున ఎముకలాంటి రాయి కనిపిస్తే చెయ్యి వెయ్యకుండా ముందు ఊళ్లో అడగండి. అది ఎవరిదో చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉంటారు.